కొబ్బరితాడు కట్టిన రెండు బస్తాలు

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. రాజాంలో ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో సీసాలు కడగడం, ద్రావణాలు కలిపి బల్లల మీద సర్దడం నా ఉద్యోగం. పదిహేనేళ్ళుగా అదే గది, అదే కిటికీ. అందుకే సెలవు దొరికితే చాలు, ఏదో ఒక బస్సెక్కేస్తాను. ఈ బ్లాగు పుట్టింది కూడా ఆ కాలు నిలవనితనం వల్లే. కానీ ఈసారి నౌపడ వెళ్ళింది ఊరికే తిరిగి రావడానికి కాదు. మా బావ వంగతోట కోసం నేను చేసిన ఎరువు ఉండల్లో కొబ్బరి పొట్టు వేశాను. ఆ పొట్టు పుట్టే చోటు చూద్దామని, ఫొటోలు తీసుకుందామని, నిజం చెప్పాలంటే మీ అందరి ముందూ కాస్త గొప్పలు పోదామని బయలుదేరాను. ఆ గొప్ప ఎక్కడ దిగిందో కూడా రాస్తాను, దాచను.

ముందు ఉండల సంగతి చెప్పాలి, లేకపోతే మీకేమీ అర్థం కాదు. మా అక్క ఎస్తేరుది పొందూరు నుంచి రాజాం వచ్చే దారిలో ఒక చిన్న ఊరు. బావ దానియేలుకి ఊరి చివర పదిహేను సెంట్ల ఎర్రనేల ఉంది. ఇసుక పాలు ఎక్కువ. యూరియా వేసిన మర్నాడు వాన పడిందంటే సగం లోపలికి దిగిపోతుంది, సగం గట్టు దాటి కాలవలో కలుస్తుంది, మొక్కకి మిగిలేది వాసన. దీనికి మందు నెమ్మదిగా కరిగే ఎరువు. కంపెనీ సరుకు బావ కొనలేడు. కానీ దానికి కావలసిన దినుసులు మా చుట్టూ చెత్తగా పడి ఉన్నాయి. రాజాం రైసు మిల్లుల వెనక ఊక కాలిన నల్లటి బొగ్గు గుట్టలు. ఉద్దానం వైపు కొబ్బరి పీచు తీశాక మిగిలిపోయే గోధుమరంగు పొట్టు. ఊక బొగ్గుకి కంటికి కనపడని చిల్లులు బోలెడు, యూరియా వాటిలో దూరి కూర్చుంటుంది. పొట్టు తడిని పట్టి ఉంచుతుంది. చిక్కటి గంజి రెండింటినీ అంటిస్తుంది. అన్నీ ముద్ద కలిపి, ఉసిరికాయంత ఉండలు చుట్టి, నీడన ఆరబెట్టి, మొక్కకొకటి చొప్పున వేరు పక్కన మట్టిలో గుచ్చితే నెలన్నరపాటు ఎరువు కొంచెం కొంచెంగా అందుతుంది. నర్సరీ అతని దగ్గర చేటెడు పొట్టు అడిగి తెచ్చి, ల్యాబు కిటికీలో ఆరు కుండీలు పెట్టి చూశాను. వంగ ఆకులు నిగనిగలాడాయి. ఇంకేముంది, నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఇక తోట సంగతి. బావ వాళ్ళమ్మ మరియమ్మత్త దగ్గర ఒక ముల్లు వంకాయ రకం ఉంది. ఆకుపచ్చ మీద తెల్లచారలు, తొడిమంతా ముళ్ళు. ఎండు రొయ్యలు వేసి వండితే ఆ పూట ఇంట్లో ఎవరూ మాట్లాడరు, తింటారంతే. ఆ విత్తనం ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చింది. మా చర్చిలో కోత పండుగకి వేలంపాట వేసే తొలి బుట్ట ఏటా ఆ కాయలదే. కిందటేడు ముసురుకి విత్తనాల కుండలోకి చెమ్మ దిగి అంతా బూజు పట్టిపోయింది. గుడ్డలో కట్టిన చిన్న మూట ఒక్కటి మిగిలింది. ఊళ్ళో మిగతావాళ్ళు ఎప్పుడో ప్యాకెట్టు విత్తనాలకి మారిపోయారు కాబట్టి ఇంకెవరి దగ్గరా లేదు. ఆ మూటంతా ఈసారి నారు పోసేసింది అత్త. వెయ్యి పైచిలుకు మొక్కలు లేచాయి. అవి బతికితే ఆ వంకాయ ఉంటుంది, చస్తే లేదు. అలాంటి తోటలో నా ఉండలు పెట్టనిచ్చింది. "సదూకున్నదానివి, నీకు తెల్దేటి," అంది. ఆ మాట పట్టుకుని నాలుగు సాయంత్రాలు నేనూ అక్కా అరుగు మీద కూర్చుని వెయ్యి ఉండలు చుట్టాం.

అన్ని ఉండలకి నర్సరీ పొట్టు చాలదు. రాజాంలో ఒక కొట్లో రెండు బస్తాలు కొన్నాను. అక్కడ రెండు రకాలు పేర్చి ఉన్నాయి. కొన్నిటి మూతి నీలం ప్లాస్టిక్ తాడుతో బిగించి ఉంది, కొన్నిటిది కొబ్బరితాడుతో. ప్లాస్టిక్ అంటే నాకు ఒళ్ళు మంట అని ఈ బ్లాగు చదివేవాళ్ళకి తెలుసు. కొబ్బరితాడువే ఇమ్మన్నాను. కొట్టతను "అది కాదమ్మా..." అని ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు. ప్లాస్టిక్ మీద నా ఉపన్యాసం అంతా విని, పాపం, అతను నోరు మూసుకుని బస్తాలు ఆటోలో వేశాడు.

ఉండలు సోమవారం పెడతానన్నాడు బావ. అంతకు ముందు శనివారం సెలవు పెట్టి బయలుదేరాను. రాజాం బస్టాండులో ఉదయం ఆరింటి లోపే శ్రీకాకుళం బస్సు దొరుకుతుంది. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు సున్నా, మగవాళ్ళు మాత్రం వంద చేతిలో పెట్టుకోండి. కిటికీ పక్క సీటు దొరికింది కానీ కూర్చున్న పది నిమిషాలకే లేచి ఫుట్‌బోర్డు దాకా వెళ్ళి వచ్చాను. కండక్టరు నన్ను వింతగా చూశాడు. ఏడున్నరకి శ్రీకాకుళం కాంప్లెక్సులో దిగి, బయట బండి మీద ముప్పై రూపాయలకి నాలుగు ఇడ్లీలు నిలబడే తిని, ఎనిమిదింటికి టెక్కలి బస్సెక్కాను. నరసన్నపేట దాటాక తూర్పున మబ్బు చిక్కబడింది. ఆ మబ్బుని కూడా ఫొటో తీశాను, బాగుందని.

టెక్కలిలో దిగేసరికి తొమ్మిదిన్నర. ఫోనులో బావ గొంతు, ఒక ఫొటో. "మరదలా, సోమారం దాకా ఎందుకు? మబ్బేసినాది. వాన పడితే నేల మెత్తబడతాది, నీ లడ్డూలు బాగా దిగుతాయి. ఇయాలే ఎట్టేస్తన్నాం. నువ్వు సైంటిస్టువి, నాను నీ కూలోడిని!" వెనకాల అత్త నవ్వు వినపడింది. ఫొటోలో బావ నెత్తి మీద ఉండల తట్ట, పక్కన అరుగు మీద ఖాళీ పొట్టు బస్తాలు, మూతికి వేలాడుతున్న తాడు. "శభాష్ బావా" అని తిరిగి పెట్టాను. ఇప్పుడు ఆ మెసేజీ చూసుకుంటే సిగ్గేస్తుంది.

టెక్కలి నుంచి నౌపడకి షేర్ ఆటో ముప్పై రూపాయలు, పావుగంట. కానీ నాకు పీచు మిల్లు దాకా వెళ్ళాలి, అది ఊరికి అవతల ఏరు ఒడ్డున ఉంది. అందుకని నూటయాభైకి ఒక ఆటో మాట్లాడుకున్నాను. నడిపే ఆయన పేరు ముకుంద, నలభై ఏళ్ళుంటాయి. ఉప్పు మళ్ళ మధ్యనుంచి తీసుకెళ్ళాడు. వానాకాలం కదా, మళ్ళన్నీ నీళ్ళతో నిండి ఉన్నాయి. గట్ల మీద తాటాకు కప్పిన పాత ఉప్పు కుప్పలు మాత్రం అక్కడక్కడ కనపడుతున్నాయి.

"ఉప్పు సూడ్డానికొచ్చినారేటి? మాఘమాసంలో రావాల, తెల్లగా మెరిసిపోతాది," అన్నాడు.

"ఉప్పు కాదండీ, కొబ్బరి పొట్టు."

"పొట్టు సూడ్డానికా!" అని ఆటో దాదాపు ఆపేశాడు. "రాజాం నుంచి? పొట్టుకి?"

పీచు మిల్లు అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్డు, అందులో చెవులు చిల్లులు పడేలా మోగే ఒక మిషను, బయట రెండు పొట్టు కొండలు. ఏటి పక్కన తవ్విన గుంటల్లో కొబ్బరి డొక్కలు నెలల తరబడి నానుతుంటాయి. మెత్తబడ్డాక మిషనులో వేస్తే పీచు ఒకవైపు, పొట్టు ఒకవైపు వస్తాయి. పీచుతో తాళ్ళు, పరుపులు. పొట్టుని ఒకప్పుడు ఊరికే తగలబెట్టేవారట. నేను అదే మంచి ముక్క అనుకుని నోట్సు రాసుకుంటున్నాను. అక్కడ పొట్టు కడిగే పనిలో ఉన్న పార్వతమ్మ అనే ఆవిడ నా దగ్గరికి వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా గోధుమరంగు అంటుకుపోయి ఉంది. నేను ఉండల గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఊక బొగ్గు, యూరియా, గంజి, నెలన్నర, వెయ్యి మొక్కలు. ఆవిడ చాలా శ్రద్ధగా విన్నది. నేను ఇంకా రెచ్చిపోయి బావ ఫొటో తీసి చూపించాను.

పార్వతమ్మ ఉండలు చూడలేదు. ఫొటో మూలకి వేలు పెట్టింది.

"ఈ బస్తాకి ఈ తాడేటమ్మా?"

"కొబ్బరితాడు. ప్లాస్టిక్ తాడు ఎందుకని నేనే ఏరి కొన్నాను."

"ఓలమ్మో!" అంది ఆవిడ. "అది కడగని పొట్టు గదమ్మా! పశువుల సాలలో కిందేసుకోడానికి పట్టుకెల్తారు. మొక్కలకెట్టేది నీలం తాడుది. మూడు నీల్లు కడిగి, ఆరబెట్టి, అప్పుడు నీలం తాడు కడతాం. అందరికీ తెలుసు. మీ కొట్టోడు సెప్పనేదేటి?"

చెప్పబోయాడు. నేనే చెప్పనివ్వలేదు.

"కడగకపోతే ఏమవుతుంది?" అని అడిగాను. ఏమవుతుందో నాకు అప్పటికే తెలిసిపోయింది, అయినా ఇంకొకరి నోట వినాలనిపించింది. ఆవిడ కడగని పొట్టు కొండలోంచి చిటికెడు తీసి తన నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది, ఇంకో చిటికెడు నా అరచేతిలో పెట్టింది. వాళ్ళు పొట్టు కడిగాక చూసుకునే పద్ధతి అదేనట. మూడో నీళ్ళ తర్వాత నాలుకకి ఏమీ తెలియకపోతే అప్పుడు బస్తాకి ఎత్తుతారు. నేను నోట్లో వేసుకున్నాను. ఆవకాయ జాడీ అడుగు నాకినట్టుంది. డొక్కలు నానేది ఏటి నీళ్ళలో, ఆ ఏట్లోకి రోజూ పోటు వేళ సముద్రం వస్తుంది. చుట్టూ ఉప్పు మళ్ళు. గంట నుంచి ఉప్పు మధ్యలో నిలబడి, ఉప్పు గాలి పీలుస్తూ, ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. కెమిస్ట్రీ ల్యాబులో పదిహేనేళ్ళు! నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

"ఎట్టేసినారా అప్పుడే?" అంది పార్వతమ్మ.

"పెడుతున్నారు. ఈ పాటికి సగం అయ్యుంటుంది."

"తడవనంతసేపు ఏటీ అవ్వదు. వాన పడితే మాత్రం ఉప్పంతా మొక్క ఏరుకే దిగుతాది. బేగెల్లి తీయించమ్మా." ఆకాశం వైపు చూసి మళ్ళీ అంది. "బేగెల్లు."

బావకి ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. బావ తోటకి ఫోను పట్టుకెళ్ళడు, బురదలో పడుతుందని ఇంట్లో ఛార్జింగు పెట్టి వెళతాడు. అక్క బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది, ఫోను సంచిలో, సంచి గోడకి. అత్తకి ఫోను లేదు. ముకుంద ఆటోలో కూర్చుని ఇద్దరికీ కలిపి ఇరవైసార్లయినా చేసి ఉంటాను. బస్సులో వెళితే టెక్కలి, శ్రీకాకుళం, మళ్ళీ పొందూరు, మూడు చోట్ల దిగి ఎక్కాలి. నౌపడ జంక్షనులో విశాఖ వైపు ప్యాసింజరు పన్నెండు దాటాక ఉందని ముకుందే చెప్పాడు. "ఎక్కేరంటే తిన్నగా పొందూరులో దిగిపోడమే. కూకోండి, ఎగరేసుకు ఎల్లిపోతాను," అన్నాడు. నిజంగానే ఎగరేశాడు, గుంటల్లో నా తల పైకప్పుకి రెండుసార్లు కొట్టుకుంది. స్టేషను దగ్గర ఇస్తే నూటయాభై కన్నా ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోలేదు.

ముప్పై రూపాయల టికెట్టు కొని ప్లాట్‌ఫారం మీదకి పరిగెత్తితే బండి లేదు. ముప్పావుగంట లేటు. ఆ ముప్పావుగంట నేను ఆ ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి ఎన్నిసార్లు నడిచానో లెక్కలేదు. బావకి, అక్కకి గొంతు మెసేజీలు పెట్టాను. మొదటిది మామూలుగా మొదలైంది, ఆఖరిది అరుపు. దక్షిణాన, అంటే మా ఊరి వైపు, ఆకాశం ఊక బొగ్గు రంగులోకి తిరిగింది. పొద్దున ముచ్చటపడి ఫొటో తీసుకున్న మబ్బే అది.

బండి వచ్చింది, ఎక్కాను. శనివారం కాబట్టి ఖాళీగానే ఉంది కానీ తలుపు దగ్గరే నిలబడ్డాను. కోటబొమ్మాళి, తిలారు, ఉర్లాం. ప్రతి స్టేషనులో బండి ఆగిన నిమిషం నాకు ఏడాదిలా ఉంది. ఉర్లాం దగ్గర సిగ్నలు కోసం ఊరికే నిలబెట్టేశారు. కిటికీ పక్కన పల్లీలు తింటున్న పెద్దాయన "కూర్చోమ్మా, నువ్వు నిలబడితే బండి తొందరగా వెళ్ళదు కదా," అన్నాడు. ఆయన మీద అరవబోయి ఆగిపోయాను. తలలో ఒకటే లెక్క తిరుగుతోంది. ఒక్కో ఉండలో ఎంత పొట్టు, ఆ పొట్టులో ఎంత ఉప్పు, ఆ ఉప్పు వేలెడు దూరంలో ఉన్న పసివేరుకి ఏం చేస్తుంది. చల్లిన ఉప్పయితే పొలమంతా పరుచుకుని పలచబడేది. నేను దాన్ని ఉండ చేసి, నెమ్మదిగా అందేలా ఏర్పాటు చేసి, ఒక్కొక్క మొక్క పక్కనా పెట్టించాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక రెండు దాటిందనగా ఫోను మోగింది. అక్క.

"ఏటే, అన్ని ఫోన్లు? ఇప్పుడే గిన్నెలు కడిగి వచ్చేను. ఎక్కడైనా పడిపోయేవేటి?"

"అక్కా, తోటలో ఉండలన్నీ తీయించేయ్. వాన పడేలోపు."

"తీయించడమేటే? పొద్దున్న మీ బావ, అత్త, ఇంకో ఇద్దరు కూలీలు కలిసి మొత్తం ఎట్టేసినారు. అత్త ఒక్కత్తే మూడొందల మొక్కలకి ఎట్టినాదట. మురిసిపోతన్నాది."

"ఆ పొట్టులో ఉప్పుంది అక్కా. సముద్రపు ఉప్పు. మొక్కలన్నీ చచ్చిపోతాయి."

అటువైపు చెప్పుల చప్పుడు, అక్క ఎవరినో కేకేయడం, లైను తెగిపోవడం. అక్క పరిగెత్తిందని అర్థమైంది. మా అక్క మోకాళ్ళ నొప్పుల మనిషి.

పొందూరులో దిగేటప్పటికి మూడు కావస్తోంది. మెట్లు దిగుతుండగా మొదటి చినుకు చేతి మీద పడింది. షేర్ ఆటో నిండేదాకా ఆగే ఓపిక నాకు లేదు, రెండొందల యాభై ఇచ్చి ఒక్కదాన్నే బయలుదేరాను. సగం దారిలో వాన అందుకుంది, అద్దం మీద ఏమీ కనపడనంత వాన. దేవుడా, ఒక్క అరగంట ఆపు అని పైకే అన్నాను. ఆపలేదు.

తోట గట్టెక్కి చూస్తే బావ, అక్క, అత్త, ఇద్దరు కూలీ ఆడవాళ్ళు, ఐదుగురూ బురదలో వంగి ఉన్నారు. చేతులతో మొక్క పక్కన మట్టి తవ్వడం, ఉండ తీసి తట్టలో వేయడం, జరగడం. అక్క బడికి కట్టుకెళ్ళిన చీరతోనే ఉంది. నేనూ చెప్పులు విడిచి ఒక వరసలో కూర్చున్నాను. మొదట్లో ఉండలు చేతికి ఉండల్లాగే వచ్చాయి. పోను పోను వేళ్ళ మధ్య జారిపోయే నల్లటి పేస్టు వచ్చింది. దాన్ని మట్టితో సహా తోడి పారబోశాం. చివరి నాలుగు వరసలకి చేరేసరికి తోడటానికి అక్కడేమీ లేదు, అంతా కరిగిపోయింది.

అప్పుడు అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏటైనాది? తిన్నగా సెప్పు."

చెప్పాను. తాడు సంగతి, కొట్టతని సంగతి, నా ఉపన్యాసం సంగతి, అన్నీ. ప్లాస్టిక్ తాడు ఇష్టం లేక ఉప్పు పొట్టు కొన్నానని ఆ వానలో నిలబడి చెబుతుంటే ఏడుపొచ్చింది. బావ నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవడు. మరదలా అంటాడు, సైంటిస్టమ్మా అంటాడు, ఒక్కోసారి ఒసే అంటాడు. ఆ రోజు నా ముఖం చూడకుండా, "సునీతా, నువ్వింక ఇంటికెల్లు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

అత్త మాత్రం కదలనివ్వలేదు. "ఎక్కడికెల్తాది? తర్వాత ఏడుద్దువు గానీ, ముందు ఆ గట్టు తెగ్గొట్టు. వాననీల్లు తోటలోంచి పారనీ. ఈ నేల ఏటీ ఉంచుకోదని మీరే గోలెడతారు గదా. ఈపాలి ఉప్పు కూడా ఉంచుకోదేమో సూద్దాం," అంది.

బావ పార అందుకున్నాడు. గట్టు నాలుగు చోట్ల తెగ్గొట్టాం. నాలుగింటి నుంచి ఆరింటిదాకా ఆ వాన తోటని కడుగుతూనే ఉంది. ఏ వాన ఆగాలని దారి పొడుగునా మొక్కుకున్నానో, అదే ఇంకాసేపు కురవాలని గట్టు మీద నిలబడి మొక్కుకున్నాను. ఎరువుని నిలవనివ్వదని నేను తిట్టుకున్న నేల అది. పార్వతమ్మ మూడు నీళ్ళు కడుగుతానంది, ఇది ముప్పై నీళ్ళు కడిగి ఉంటుంది.

ఇది మూడున్నర నెలల తర్వాత రాస్తున్నాను. చివరి నాలుగు వరసల్లో మొక్కలు వారం తిరిగేసరికి అంచులు మాడి, ఆకులు ముడుచుకుని చచ్చిపోయాయి. నూట ఎనభై పైగా మొక్కలు. ఒక్కొక్కటీ నేనే పీకి పారేశాను, ఇంకెవరినీ పీకనివ్వలేదు. మిగతావి బతికాయి. నెల తర్వాత నీలం తాడు బస్తా కొని, అయినా నమ్మకం లేక ఇంటి దగ్గర ఇంకో మూడు నీళ్ళు కడిగి, కొత్త ఉండలు చేసి తీసుకెళ్ళాను. అత్త రెండు వరసలకి మాత్రం పెట్టనిచ్చింది. మిగతా తోటకి బావ మామూలు యూరియానే వేశాడు, మామూలుగానే వాన పట్టుకుపోయింది. ఆ రెండు వరసలు మాత్రం కార్తీకంలో కూడా ముదురాకుపచ్చగా నిలబడ్డాయి. అంకెలు అడగకండి, రెండు వరసలతో అంకెలు చెప్పే ధైర్యం నాకిప్పుడు లేదు. బావ ఆ వరసల పక్కన నిలబడి, "మరదలా, నీ లడ్డూలు పనిసేసినాయే," అన్నాడు. మరదలా అన్నాడు! ఆ మాట కోసం మూడు నెలలు కాచుకుని ఉన్నాను.

కోత పండుగకి తొలి బుట్ట చర్చికి వెళ్ళింది. ఆ మర్నాడు అత్త నన్ను పిలిచి ఒక గుడ్డమూట చేతిలో పెట్టింది. ముదిరిన కాయల్లోంచి తీసి, కడిగి, బూడిదలో కలిపి ఎండబెట్టిన విత్తనాలు. మూట మూతికి నీలం ప్లాస్టిక్ తాడు కట్టి ఉంది. తాడు చూసి నేను తలెత్తలేకపోయాను. అత్త ముఖంలో నవ్వు లేదు. "ఏటి సూస్తావు? పట్టుకెల్లి నీ ఇంట్లో ఎట్టు. అన్నీ ఒకింట్లో ఉంటే ఒక్క తప్పుకి అన్నీ పోతాయి. నాదగ్గర సగం, నీదగ్గర సగం," అంది. నాకు ఇచ్చింది! ఆ విత్తనాన్ని ఊళ్ళో లేకుండా చేయబోయింది నేనే.

నేను చాలా ఊళ్ళు తిరిగాను, చాలా చోట్ల నేలని చూశాను, రుచి మాత్రం ఎప్పుడూ చూడలేదు. మిల్లు వెనక పడి ఉన్న చెత్తలో ఎరువుందని నేను అన్నది తప్పు కాదు, ఇప్పుడూ అదే అంటాను. కానీ ఆ చెత్త ఏ ఏట్లో నానిందో, ఎవరి చేతుల్లో కడిగారో, ఏ తాడుకి ఏం అర్థమో ఆ పని చేసేవాళ్ళకే తెలుసు. వాళ్ళు చెప్పబోతుంటే నేను ఉపన్యాసం ఇచ్చాను. నౌపడ దాకా వెళ్ళకపోతే ఆ వెయ్యి మొక్కలూ పోయేవి, కారణం కూడా తెలిసేది కాదు, నేను వానని తిట్టుకుంటూ ఇంకో తోటకి ఉండలు పట్టుకెళ్ళేదాన్ని. కుదురు లేకపోవడం వల్ల నాకు జరిగిన ఒకే ఒక్క మేలు బహుశా ఇదే.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఉదయం రాజాం నుంచి బస్సులో వెళ్ళి, తిరుగు ప్రయాణం నౌపడ నుంచి ప్యాసింజరులో పెట్టుకోండి, అది లేటు అవుతుంది కాబట్టి ఒక గంట ఎక్కువే వేసుకోండి. పొట్టు కొంటే తాడు రంగు చూసి ఊరుకోవద్దు. యూరియా కలపకముందే చిటికెడు నాలుక మీద వేసుకుని చూడండి. ఇప్పుడు అక్క వాళ్ళింట్లో నేను ఏ బస్తా విప్పినా మొదటి చిటికెడు మరియమ్మత్తదే. నోట్లో వేసుకుని, చప్పరించి, నావైపు చూసి, అప్పుడు తల ఊపుతుంది. ఆవిడ తల ఊపేదాకా నేను నిలబడే ఉంటాను.